పిట్స్‌బర్గ్ పైరేట్స్: రెండు గెలుపులు, ఇద్దరు పెద్దలు



రేడియోలో బేస్‌బాల్ ఆట మొదటిసారి వినిపించింది 1921 ఆగస్టు 5న. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కెడికెఎ అనే స్టేషన్ ఆ ఆటను ప్రసారం చేసింది. మైదానం పేరు ఫోర్బ్స్ ఫీల్డ్. ఆడింది ఆ ఊరి జట్టు పైరేట్స్, ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ఫిల్లీస్. ఉక్కు కార్ఖానాల ఊరది. తరాల తరబడి అక్కడి జనం తమ జట్టు ఆటను రేడియో పక్కన కూర్చుని విన్నారు. ఇవాళ ఆ జట్టు ఆటగాళ్ల గురించి మీతో నాలుగు మాటలు పంచుకుంటాను.

మన తెలుగువాళ్లకి పిట్స్‌బర్గ్ అనగానే గుర్తొచ్చేది పెన్ హిల్స్ గుట్ట మీది వేంకటేశ్వరస్వామి గుడి. ఆ గుడి లేచింది 1970ల్లో. ఆ పదేళ్లలోనే పైరేట్స్ ఆరుసార్లు తమ డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచారు. 1971లో ఒకసారి, 1979లో ఒకసారి, లీగ్ విజేతల మధ్య జరిగే వరల్డ్ సిరీస్ గెలిచారు. రెండుసార్లూ ఎదుటి జట్టు బాల్టిమోర్ ఓరియోల్స్. రెండుసార్లూ పోటీ ఏడో ఆట దాకా సాగింది. రెండుసార్లూ ఆ ఏడో ఆట బాల్టిమోర్‌లోనే, అక్టోబరు 17నే జరిగింది. ఈ రెండు గెలుపుల మధ్య ఎనిమిదేళ్లలో ఆ జట్టు ఒక పెద్దదిక్కును పోగొట్టుకుంది, మరొక పెద్దదిక్కును తయారుచేసుకుంది. మొదటి పెద్ద రొబెర్టో క్లెమెంటే. రెండో పెద్ద విల్లీ స్టార్జెల్. ఆ పెద్దరికం ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందన్నదే నేను చెప్పబోయే కథ.

ఆట తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. జట్టుకి తొమ్మిదిమంది. బంతి విసిరేవాడు పిచ్చర్. బ్యాటర్‌కి అరవై అడుగుల ఆరు అంగుళాల దూరంలో నిలబడి విసురుతాడు. బంతి నేల తాకదు, నేరుగా గాలిలోనే వస్తుంది. దాన్ని కొట్టి సురక్షితంగా బేస్ చేరితే ఒక హిట్. బేస్‌లన్నీ చుట్టి మొదలైన చోటికి, అంటే 'ఇంటికి', చేరితే పరుగు. బంతిని గోడ దాటిస్తే హోమ్ రన్. పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టగలిగినవాణ్ణి అక్కడ గొప్ప బ్యాటర్ అంటారు. అంటే మంచి ఆటగాడు కూడా పదింట ఏడుసార్లు తలవంచుకుని వెనక్కి రావలసిందే. వరల్డ్ సిరీస్‌లో ముందుగా నాలుగు ఆటలు గెలిచినవాళ్లు విజేతలు.

ముందుగా మేనేజర్ డానీ మర్టా గురించి చెప్పాలి. ఆ రోజు ఎవరు ఆడాలో, ఏ వరుసలో బ్యాటింగ్‌కి దిగాలో రాసి ఇచ్చేది మేనేజరే. 1971 సెప్టెంబరు 1న పిట్స్‌బర్గ్‌లోని త్రీ రివర్స్ స్టేడియంలో, మళ్లీ ఫిల్లీస్ మీద ఆటకి, మర్టా రాసిన పేర్లు ఇవి: రెన్నీ స్టెనెట్, జీన్ క్లైన్స్, రొబెర్టో క్లెమెంటే, విల్లీ స్టార్జెల్, మానీ సాంగియెన్, డేవ్ క్యాష్, అల్ ఆలివర్, జాకీ హెర్నాండెజ్, పిచ్చర్ డాక్ ఎలిస్. కొందరు అమెరికన్ నల్లజాతివాళ్లు. తక్కినవాళ్లు పనామా, క్యూబా, ప్యూర్టో రికోల నుంచి వచ్చిన నల్లజాతి ఆటగాళ్లు. తెల్లవాడు ఒక్కడూ లేడు. బేస్‌బాల్‌లో పై స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్ చరిత్రలో అలాంటి జట్టు మైదానంలోకి దిగడం అదే మొదలు.

ఇది ఎంత పెద్ద సంగతో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. మేజర్ లీగ్ తలుపులు నల్లజాతివాళ్లకి తెరుచుకున్నది 1947లో, జాకీ రాబిన్సన్‌తో. పైరేట్స్ తమ మొదటి అమెరికన్ నల్లజాతి ఆటగాణ్ణి దింపింది 1954లో. తలుపు తెరిచాక కూడా, ఒక జట్టులో ఒకేసారి ఇంతమందికి మించి ఉండకూడదన్న లెక్క ఒకటి చాలాచోట్ల నడిచింది. ఎవరూ కాగితం మీద పెట్టలేదు, అందరూ పాటించారు. పిట్స్‌బర్గ్‌వాళ్లు మాత్రం ఆటగాళ్లను వెతికిపెట్టే హోవీ హాక్ లాంటి స్కౌట్లను కరీబియన్ దీవులకీ మధ్య అమెరికాకీ పంపి, ఆట ఎక్కడుంటే అక్కణ్ణుంచి తెచ్చుకున్నారు. అలా తెచ్చుకున్న జట్టులోంచి ఆ సాయంత్రం తొమ్మిదిమందిని మర్టా ఎంచుకున్నాడు.

చూడడానికి వచ్చింది పదకొండు వేల పైచిలుకు జనం. ఊళ్లో పత్రికలు సమ్మెలో ఉన్నాయి, కాబట్టి మర్నాడు పెద్ద అక్షరాల వార్త ఏదీ రాలేదు. ఆడుతున్నవాళ్లే రెండు మూడు ఇన్నింగ్స్ అయ్యాక చుట్టూ చూసుకుని, ఒకరితో ఒకరు అనుకున్నారు. పైరేట్స్ 10-7తో గెలిచారు. తర్వాత విలేకరులు అడిగితే, పేర్లు రాసేటప్పుడు తనకి రంగు కనబడదని, ఆ సంగతి తన ఆటగాళ్లకి తెలుసని మర్టా జవాబిచ్చాడు. ఆ జవాబులో రెండో సగమే అసలైనదని నా అభిప్రాయం. న్యాయం చేస్తున్నానని పెద్దవాడు అనుకుంటే చాలదు, ఇంట్లో అందరికీ ఆ నమ్మకం కలగాలి. ఆ జట్టుకి ఆ నమ్మకం ఉండేది.

ఇక క్లెమెంటే. 1934లో ప్యూర్టో రికోలోని కరోలినాలో పుట్టాడు. తండ్రి చెరకు తోటల్లో మేస్త్రీ. 1955లో పిట్స్‌బర్గ్‌కి ఆడడం మొదలుపెట్టినప్పుడు ఇంగ్లీషు అంతంత మాత్రం. కొందరు విలేకరులు అతని ఉచ్చారణను వెక్కిరిస్తున్నట్టుగా, పలికింది పలికినట్టు అచ్చువేసేవాళ్లు. అతని బొమ్మ ఉన్న కార్డుల మీద రొబెర్టో అన్న పేరు తీసేసి బాబ్ అని వేసేవాళ్లు. ఇల్లు వదిలి పరాయి దేశంలో బతుకు మొదలుపెట్టిన ఎవరికైనా ఆ బాధ ఎలాంటిదో ఇట్టే తెలుస్తుంది. క్లెమెంటే తన పేరు రొబెర్టో అనే చెప్పాడు. తన ప్రజల గురించి, నల్లవాడిగా, స్పానిష్ మాట్లాడేవాడిగా తను పడుతున్నదాని గురించి గొంతెత్తి మాట్లాడాడు. రేడియోలో పైరేట్స్ ఆటను వినిపించిన వ్యాఖ్యాత బాబ్ ప్రిన్స్ మాత్రం అతను బ్యాట్ పట్టుకుని రాగానే స్పానిష్‌లోనే "అరీబా" అని కేక వేసేవాడు. పైకి, ఇంకా పైకి అని ఆ కేకకి అర్థం. ఊరంతా ఆ కేక నేర్చుకుంది.

మైదానం కుడివైపున, రైట్ ఫీల్డ్‌లో, అతని చేతికి బంతి చిక్కితే పరుగు తీసేవాడు రెండుసార్లు ఆలోచించుకోవలసిందే. ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ పన్నెండుసార్లు, లీగ్‌లో అత్యుత్తమ బ్యాటింగ్ సగటు నాలుగుసార్లు అతనివే. 1960లో పైరేట్స్ వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ యాంకీస్ మీద గెలిచినప్పుడు ఏడు ఆటల్లోనూ హిట్ కొట్టాడు. 1971లోనూ ఏడింటికి ఏడు ఆటల్లో కొట్టాడు. అప్పటికి వయసు 37. లెక్కలోకి వచ్చిన 29 సార్లలో 12 హిట్లు, సగటు .414.

ఆ ఏడాది ఓరియోల్స్ దగ్గర ఇరవై ఆటలేసి గెలిచిన పిచ్చర్లు నలుగురు ఉన్నారు. మొదటి రెండు ఆటలూ వాళ్లవే. మూడో ఆటలో స్టీవ్ బ్లాస్ మూడంటే మూడు హిట్లిచ్చి నిలబెట్టాడు. నాలుగో ఆట వరల్డ్ సిరీస్ చరిత్రలో రాత్రిపూట దీపాల వెలుగులో జరిగిన మొదటి ఆట. అందులో 21 ఏళ్ల బ్రూస్ కైసన్ మధ్యలో వచ్చి ఆరు ఇన్నింగ్స్‌కి పైగా ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. ఆ కుర్రాడి పెళ్లి ముహూర్తం ఏడో ఆట సాయంత్రానికే పడింది. బాల్టిమోర్‌లో ఆట ముగియగానే పరుగుపరుగున పిట్స్‌బర్గ్ చేరుకుని పెళ్లిపీటలెక్కాడు.

ఆ సిరీస్‌లో స్టార్జెల్ పరిస్థితి వేరు. ఆ సీజన్‌లో 48 హోమ్ రన్లు కొట్టినవాడు, వరల్డ్ సిరీస్‌కి ముందు జరిగిన లీగ్ ఫైనల్‌లో 14 సార్లకి ఒక్క హిట్ కూడా కొట్టలేదు. వరల్డ్ సిరీస్‌లోనూ బ్యాట్ పలకలేదు. ఇంటికి పెద్దవాడు ఉండడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. తమ్ముడి చేతికి పని దొరకనప్పుడు అన్న రెండు పూటలా పని చేసినట్టు, క్లెమెంటే తన వంతుతో పాటు స్టార్జెల్ వంతు కూడా ఎత్తుకున్నాడు. ఏడో ఆట నాలుగో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ క్లెమెంటేదే. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హోసే పగాన్ కొట్టిన బంతికి ఇల్లు చేరిన గెలుపు పరుగు మాత్రం స్టార్జెల్‌ది. 2-1తో పైరేట్స్ గెలిచారు. బ్లాస్ తొమ్మిది ఇన్నింగ్స్‌లూ తనే వేశాడు.

తర్వాత డ్రెస్సింగ్ రూములో టీవీ మైకు ముందుకి వచ్చింది. దేశమంతా చూస్తోంది. క్లెమెంటే ఇంగ్లీషులో జవాబు చెప్పే ముందు స్పానిష్‌లో మాట్లాడాడు. తన పిల్లలకి దీవెనలు చెప్పాడు, తన తల్లిదండ్రుల దీవెన అడిగాడు. ఇంగ్లీషు సరిగా రాదని ఒకప్పుడు తనను ఎగతాళి చేసిన దేశానికి, తన గెలుపు రోజున, తన అమ్మా నాన్నల భాష వినిపించాడు. తిరుగు ప్రయాణంలో విమానంలో సీట్ల మధ్య నడుచుకుంటూ బ్లాస్ దగ్గరికి వచ్చి, లేవమని చెప్పి, కౌగిలించుకున్నాడు. జీవితంలో తనకి అందిన మెప్పుల్లో దానికి మించింది లేదన్నట్టుగా బ్లాస్ ఆ సంగతి ఎన్నోసార్లు చెప్పుకున్నాడు.

1972 సెప్టెంబరు 30న క్లెమెంటే తన మూడు వేలవ హిట్ కొట్టాడు. రెగ్యులర్ సీజన్లలో అతని ఆఖరి హిట్ అదే. కొన్ని రోజులకి సిన్సినాటిలో లీగ్ ఫైనల్ ఆఖరి ఆట. చివరి ఇన్నింగ్స్‌లో పిచ్చర్ బాబ్ మూస్ విసిరిన బంతి, బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్‌కి అందకుండా పోయింది, పైరేట్స్ ఓడిపోయారు. ఆ డిసెంబరు 23న నికరాగువా రాజధాని మనాగ్వాలో భూకంపం వచ్చింది. నెల కిందట ప్యూర్టో రికో కుర్రాళ్ల జట్టును తీసుకుని క్లెమెంటే ఆ ఊరికి వెళ్లి వచ్చాడు, అక్కడి మనుషులు అతనికి తెలుసు. బియ్యం, మందులు, బట్టలు పోగుచేయించాడు. పంపిన సామాను అక్కడి సైనికుల చేతుల్లో పడి, బాధితులకి అందడం లేదని కబురు వచ్చింది. తను పక్కన ఉంటే ఎవరూ తాకే ధైర్యం చేయరని డిసెంబరు 31 రాత్రి తనే విమానం ఎక్కాడు. పాత డీసీ-7 విమానం, మోయగలిగినదానికంటే ఎక్కువ బరువు. ప్యూర్టో రికోలోని సాన్ హువాన్‌లో లేచిన కాసేపటికే సముద్రంలో కూలింది. అందులోని ఐదుగురూ పోయారు. అతని వయసు 38.

జట్టంతా ప్యూర్టో రికో వెళ్లి స్మారక ప్రార్థనలో కూర్చుంది. రానివాడు ఒకడే, మానీ సాంగియెన్. పనామా నుంచి వచ్చిన క్యాచర్, క్లెమెంటే అంటే ప్రాణం. అందరూ ప్రార్థనా మందిరంలో ఉన్న వేళ అతను గజ ఈతగాళ్లతో కలిసి ఆ సముద్రంలో మునుగుతున్నాడు, స్నేహితుడి దేహం కోసం. దొరకలేదు. వసంతంలో కొత్త సీజన్ మొదలైనప్పుడు క్లెమెంటే ఖాళీచేసిన రైట్ ఫీల్డ్‌లో క్యాచర్ సాంగియెన్‌నే నిలబెట్టారు. కొన్ని వారాలకి తన పాత స్థానానికి తిరిగి వెళ్లిపోయాడు.

సంస్మరణలో మాట్లాడింది బ్లాస్. 1972లో అతను 19 ఆటలు గెలిచాడు. 1973 వచ్చేసరికి బంతి అతని మాట వినడం మానేసింది. 88 ఇన్నింగ్స్ పైచిలుకులో 84 మందిని ఊరికే బేస్‌కి పంపాడు. చెయ్యి బాగానే ఉంది, గాయం లేదు. అలవాట్లు మార్చి చూశాడు, వైద్యులనీ మనస్తత్వవేత్తలనీ కలిశాడు. ఏదీ పనిచేయలేదు. 32 ఏళ్లకే ఆట వదిలేశాడు. ఉన్నట్టుండి గురి పోయిన పిచ్చర్‌కి స్టీవ్ బ్లాస్ జబ్బు వచ్చిందని అనడం అప్పటి నుంచీ అక్కడ వాడుక. వరల్డ్ సిరీస్ గెలిపించిన మనిషి పేరు ఒక జబ్బుకి అంటుకోవడం కంటే కష్టం ఏముంటుంది? బ్లాస్ ఊరు వదిలిపెట్టలేదు. కొన్నాళ్లు బడిపిల్లల ఉంగరాలు అమ్మాడు. 1983లో పైరేట్స్ ఆటకే వ్యాఖ్యాతగా మైకు ముందుకి వచ్చి, 2019 దాకా మాట్లాడాడు. తన పతనాన్ని కూడా దాచకుండా చెప్పేవాడు. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

బాబ్ మూస్ 1976లో, తన 29వ పుట్టినరోజునాడే, కారు ప్రమాదంలో చనిపోయాడు. అదే ఏడాది డిసెంబరులో మర్టా కన్నుమూశాడు. గుండెజబ్బుతో పదవి దిగి, జట్టు పిలిస్తే మళ్లీ వచ్చి, నాలుగు దఫాలు ఆ జట్టును నడిపిన మనిషి.

అంతటి జట్టు బరువు స్టార్జెల్ మీద పడింది. ఓక్లహోమాలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగినవాడు. 1959లో చిన్న లీగుల్లో ఉండగా టెక్సాస్‌లోని ప్లెయిన్‌వ్యూలో ఒకడు తుపాకీ గురిపెట్టి, ఇవాళ ఆడావంటే చంపుతానన్నాడు. వణికిపోతూనే వెళ్లి ఆడాడు. అంత భయం తిన్న మనిషి తన చుట్టూ ఉన్నవాళ్లకి భయం లేకుండా చేయడం నేర్చుకున్నాడు. పిట్స్‌బర్గ్‌లో నల్లజాతివాళ్లు ఉండే హిల్ డిస్ట్రిక్ట్‌లో అతనికో చికెన్ హోటల్ ఉండేది. అతను హోమ్ రన్ కొట్టిన సమయానికి అక్కడ కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నవాళ్లకి చికెన్ ఉచితం. సికిల్ సెల్ రక్తహీనత మీద పరిశోధనకి చందాలు పోగుచేశాడు. సమాజసేవ చేసిన ఆటగాడికి ఏటా క్లెమెంటే పేరిట ఇచ్చే అవార్డు 1974లో అతనికే వచ్చింది.

1979 నాటికి స్టార్జెల్‌కి 39 ఏళ్లు. అందరూ పాప్స్ అని పిలిచేవాళ్లు, మనం నాన్నగారూ అన్నట్టు. బాగా ఆడినవాడికి ఒక చిన్న బంగారురంగు నక్షత్రం ఇచ్చేవాడు. లక్షల డాలర్లు సంపాదిస్తున్న ఆటగాళ్లు ఆ గుడ్డ నక్షత్రం కోసం ఆత్రపడి, టోపీలకి కుట్టించుకునేవాళ్లు. సిస్టర్ స్లెడ్జ్ బృందం పాడిన 'వి ఆర్ ఫ్యామిలీ' ఆ ఏడాది జట్టు పాటైంది.

వరల్డ్ సిరీస్‌లో పైరేట్స్ 3-1తో వెనకబడ్డారు. ఇంకొక్క ఆట ఓడితే కథ ముగిసినట్టే. ఐదో ఆట జరిగే రోజు ఉదయం మేనేజర్ చక్ టానర్ తల్లి చనిపోయింది. ఆ దుఃఖంతోనే ఆయన మైదానానికి వచ్చి జట్టును నడిపాడు. ఆ ఆట 7-1తోనూ, ఆరో ఆట 4-0తోనూ పైరేట్స్‌వే. ఏడో ఆటలో ఒక పరుగు వెనకబడి ఉండగా ఆరో ఇన్నింగ్స్‌లో స్టార్జెల్ హోమ్ రన్ కొట్టి జట్టును ముందుకి తెచ్చాడు. ఆ రాత్రి ఐదుసార్లు దిగి నాలుగు హిట్లు కొట్టాడు. 4-1తో గెలుపు. 1971లో క్లెమెంటే అందుకున్న సిరీస్ ఉత్తమ ఆటగాడి బహుమతి ఈసారి స్టార్జెల్ అందుకున్నాడు. అదే సిరీస్ రెండో ఆటలో, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో గెలుపు పరుగు తెచ్చిన హిట్ సాంగియెన్‌ది. మధ్యలో అతన్ని ఓక్లాండ్‌కి ఇచ్చి, బదులుగా టానర్‌ని మేనేజర్‌గా తెచ్చుకున్నారు. మళ్లీ తిరిగొచ్చిన సాంగియెన్ అప్పటికి ఎక్కువగా బెంచీ మీదే కూర్చుంటున్నాడు. అవసరమైన ఒక్క క్షణానికి లేచి వచ్చి పని పూర్తిచేశాడు.

క్లెమెంటే నిలబడిన రైట్ ఫీల్డ్‌లో ఆ రోజుల్లో నిలబడింది డేవ్ పార్కర్. 1978లో లీగ్ ఉత్తమ ఆటగాడు. భారీ జీతం వచ్చాక, ఆట తగ్గినప్పుడు, సొంత ఊరి జనమే అతని మీదికి బ్యాటరీలు విసిరారు. మాదకద్రవ్యాల వ్యవహారంలో అతని పేరు బయటికొచ్చింది. చివరి ఏళ్లలో పార్కిన్సన్స్ వ్యాధి. హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నికైన వార్త 2024 డిసెంబరులో విన్నాడు. గౌరవం అందుకోవలసిన రోజుకి నెల ముందు, 2025 జూన్ 28న కన్నుమూశాడు. డాక్ ఎలిస్ కూడా మత్తులో ఏళ్లు పోగొట్టుకున్నవాడే. బయటపడ్డాక ఆ ఊబిలో ఉన్నవాళ్లకి సలహాదారుగా పనిచేశాడు. వీళ్లని దేవుళ్లని చేయనక్కరలేదు. పడి లేచిన మనుషులుగా తలుచుకుంటే చాలు.

1980ల్లో పిట్స్‌బర్గ్ ఉక్కు కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1979 తర్వాత పైరేట్స్ మళ్లీ వరల్డ్ సిరీస్ మెట్టు ఎక్కలేదు. 2001లో కట్టిన కొత్త స్టేడియంలో రైట్ ఫీల్డ్ గోడ ఎత్తు 21 అడుగులు, క్లెమెంటే చొక్కా నంబరు 21 కాబట్టి. ఆ స్టేడియంలో మొదటి సీజన్ ఆట జరిగిన 2001 ఏప్రిల్ 9 తెల్లవారుజామునే స్టార్జెల్ ప్రాణం వదిలాడు. అతని విగ్రహం అంతకు రెండు రోజుల ముందే గేటు దగ్గర నిలబెట్టారు.

శ్రోతలారా, గెలిచిన జట్టు ప్రతి ఏటా ఒకటి ఉంటుంది. ఎవరెన్ని కొట్టారో రికార్డు పుస్తకాలు చెబుతాయి. ఎవరు ఎవరిని మోశారో వాటిలో దొరకదు. బ్యాట్ పలకని స్టార్జెల్‌ని 1971లో క్లెమెంటే మోశాడు. ఎనిమిదేళ్ల తర్వాత స్టార్జెల్ జట్టు మొత్తాన్ని మోశాడు. తను అందుకున్నది దాచుకోకుండా చిన్నవాళ్లకి పంచాడు. పెద్దరికం వయసుతో పాటు దానంతట అది రాదు. ఒకరు చేసి చూపిస్తే, ఇంకొకరు చూసి నేర్చుకుంటే వస్తుంది. మన ఊళ్లోని కబడ్డీ జట్టుకైనా, ఆఫీసుకైనా, ఇంటికైనా ఇదే వర్తిస్తుంది. పిట్స్‌బర్గ్ ఆటగాళ్లను నేను ఇంత ప్రేమగా తలుచుకోవడానికి కారణం ఇదే.